ఛాతీ మంటకు వెనిగరా మందు?

“ఛాతీలో మంటా? మీకు ఆమ్లం తక్కువైంది. పరగడుపున రెండు చెంచాల యాపిల్ సైడర్ వెనిగర్ తాగండి. గ్యాస్ మాత్రలు చెత్తబుట్టలో పడేయండి.” ఈ సలహా ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. నిజంగానే పడేస్తున్నవాళ్లున్నారు. అన్నవాహికలో పుండ్లున్నవాళ్లు కూడా వెనిగర్ గ్లాసు ఎత్తుతున్నారు. పంటి ఎనామిల్ అరగడం అదనపు బహుమతి.

ఈ పుకారుకు బలం అందులోని సగం నిజం. రిఫ్లక్స్ ఉన్న చాలామందిలో ఆమ్లం అతిగా ఊరదు, నిజమే. అలాగని తక్కువగానూ ఊరదు. మామూలుగానే ఊరి, రాకూడని చోటికి వస్తుంది. అన్నవాహిక అడుగున ఉండే కండర వలయం మనం మింగినప్పుడు తెరుచుకుని వెంటనే బిగుసుకోవాలి. వేళకాని వేళ అది వదులైతే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది; రిఫ్లక్స్ అంటే ఇదే. జీర్ణాశయానికి ఉన్న జిగురు పొర రక్షణ అన్నవాహికకు లేదు కాబట్టి మండుతుంది.

“ఆమ్లం చాలకే వలయం బిగుసుకోదు” అంటారా? అదే నిజమైతే ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వేసుకున్నవాళ్లకు మంట పెరగాలి. 1980ల చివరి నుంచి జరుగుతున్నది దానికి తలకిందులు: వాటితో ఎక్కువమందికి పుండ్లు మానుతున్నాయి. మాత్ర ఆపగానే మంట రెట్టింపైందంటే మాత్రే రోగమనుకోనక్కర్లేదు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు ఆమ్లం ఎక్కువ ఊరడం మామూలే. డాక్టరును అడిగి నెమ్మదిగా తగ్గించుకోవాలి. ఇక నీళ్లలో వంటసోడా కలుపుకు తాగి, తేన్పు ఎన్ని నిమిషాలకు వచ్చిందో చూసి ఆమ్లాన్ని కొలిచే ఇంటి ప్రయోగశాలలకు ఒక్క మాట: గాలి మింగినా తేన్పు వస్తుంది.

వలయం ఎందుకు వదులవుతుందో వెతకండి. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, గర్భం, జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారే హయాటస్ హెర్నియా, సిగరెట్, మద్యం, రాత్రి పదింటికి బిర్యానీ లాగించి పదిన్నరకు పక్కెక్కడం. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, గుండెనొప్పికిచ్చే నైట్రేట్లు కూడా కొందరిలో కారణం కావచ్చు. అలాగని వాటిని మీరే మానేయకండి, డాక్టరుకు చెప్పండి.

సోడా తాగితే గ్యాస్ పోతుందా? ఆ తేన్పుతో పాటే ఆమ్లమూ వస్తుంది. చల్లటి పాలు? కాసేపటి ముచ్చట. సన్నగా ఉంటే రాదా? వస్తుంది.

ఆవకాయ సంగతి మాత్రం కొంత ఒప్పుకోవాలి. రోగాన్ని అది పుట్టించదు గానీ, ఇప్పటికే ఒరిసిపోయిన అన్నవాహికను కారం మండిస్తుంది. మీకు పడకపోతే మానండి. ఇంటిల్లిపాదికీ చప్పిడి కూడు పెట్టనక్కర్లేదు.

రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలైనా ఉంచండి. దిండ్ల మీద దిండ్లు పేర్చకుండా మంచం తలవైపు కోళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టండి. ఎడమవైపు తిరిగి పడుకోండి. బరువు తగ్గండి. డాక్టరు రాసిన ఒమెప్రజోల్ లాంటి మాత్రను టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోండి. ముద్ద దిగకపోయినా, ఊరికే బరువు తగ్గుతున్నా, విరేచనం నల్లగా అవుతున్నా ఎండోస్కోపీకి వాయిదాలు వేయకండి. ఛాతీ బిగబట్టి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే మాత్రం ‘గ్యాసేలే’ అంటూ సోడా కోసం వెతక్కండి. 108కి ఫోన్ చేయండి.