బరువు మోయు సైకిలు చక్రము

నంద్యాలనుండి ఆళ్ళగడ్డకు సుమారు 40 కిలోమీటర్ల దూరము. భారీ శరీరము గల మనిషి ఆ దూరమును సైకిలుమీద పోదలచినచో ఇంటివారు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: “ఆ చక్రము మిమ్ములను మోయునా?” ప్రశ్న పరిహాసముగా అడిగినదే కావచ్చును. కాని వైద్యుడు వ్యాయామము చేయుమన్నాడని సైకిలు కొని, కొన్నాళ్ళకే చువ్వలు తెగగా సిగ్గుపడి, దానిని వసారాలో గోడకు చేరవేసినవారు మన ఇరుగుపొరుగున లేకపోలేదు. అట్టివారు తమ బరువును నిందించుకొనుచుందురు. నిజమునకు నిందింపవలసినది చక్రమును ఎన్నుకొన్న తీరును, బిగించిన తీరును. ఈ రెండును సరిగా నున్నచో లావైన మనిషిని సైతము సైకిలు చక్రము ఏండ్ల తరబడి మోయును.

మా అనుభవమును ముందుగా మనవి చేసెదము. మా బరువు 104 కిలోలు. కొన్ని ఏండ్ల క్రిందట ఒక శీతకాలపు ఉదయమున నంద్యాలలో బయలుదేరి ఆళ్ళగడ్డకు పోవుచుండగా, శిరివెళ్ళ దాటిన పిమ్మట వెనుక చక్రమున ‘టంగు’మని చప్పుడైనది. జనులు స్పోకులని పిలుచు చువ్వలలో ఒకటి హబ్బువద్ద తెగినది. చక్రము వంకరపోయి బ్రేకు రబ్బర్లకు రాసికొనసాగినది. దారిలోని ఒక దుకాణమున కొత్త చువ్వ వేయించితిమి. పది దినములలో దాని ప్రక్క చువ్వ తెగినది. అది వేయించగా మరియొకటి తెగినది. నాలుగవది తెగిననాడు ఆళ్ళగడ్డలో ఒక ముదుసలి మేస్త్రీ చక్రమును త్రిప్పుచు చువ్వలను ఒక్కొక్కటిగా వ్రేలితో మీటి, “సారూ, తెగిన స్పోకు మార్చుకుంటా పోతే లాభం లేదు. మిగతావన్నీ వదులుగా ఉండాయి. చక్రం మొత్తం విప్పి మళ్ళా కట్టాల” అని చెప్పెను. అట్లే కట్టెను. ఆ చక్రమున మరల చువ్వ తెగలేదు. ఆయన మాటలోని శాస్త్రమును ఇప్పుడు విచారింతము.

ఎద్దుల బండి చక్రమున కొయ్య ఆకులు లావుగా నుండును. బండి బరువు క్రింది ఆకుమీద నిలుచును. గుడి మండపమున రాతి స్తంభము పైకప్పును మోయునదియు ఇట్లే. ఆళ్ళగడ్డ శిల్పులు చెక్కు రాయి ఎంత నొక్కుడునైనను భరించును, లాగుడును మాత్రము భరింపలేదు. సైకిలు చువ్వ స్వభావము ఇందుకు విరుద్ధము. 2 మిల్లీమీటర్ల తీగను నిలువుగా నిలిపి నొక్కినచో వంగిపోవును. దానినే లాగినచో నూరు కిలోలకు మించిన బరువును సైతము ఆపును. ఈ రహస్యము నెఱిగియే 1870లో ఇంగ్లండులో జేమ్సు స్టార్లీ, విలియం హిల్‌మన్ అనువారు తీగ చువ్వల చక్రము గల సైకిలునకు పేటెంటు పొందిరి.

అట్లయిన నొక్కుడును ఓర్వలేని తీగ మనిషిని మోయుట ఎట్లు? చక్రమును కట్టునపుడే ప్రతి చువ్వను గట్టిగా లాగి బిగింతురు. మనిషి ఎక్కి కూర్చుండగా నేలవైపున నున్న కొన్ని చువ్వల బిగువు కొంత తగ్గును. ఆ తగ్గుదలయే బరువును మోయుట. ముందు కూడబెట్టిన సొమ్ములోనుండి అవసరమునకు కొంత తీసి, వెంటనే మరల జమ చేసినట్లు, చువ్వ క్రిందికి వచ్చినపుడు వదులై, పైకి పోగానే బిగిసికొనును. కూడబెట్టిన బిగువు చాలినంత ఉన్నచో చువ్వ ఎన్నడును పూర్తిగా వదులు కాదు. చాలకున్నచో ప్రతి చుట్టునందును సడలి, హబ్బువద్ద దాని వంపు కదలసాగును.

ఈ కదలిక ఎన్నిమారులు జరుగునో చూడుడు. 28 అంగుళముల చక్రము ఒక్క చుట్టునకు సుమారు 2 మీటర్ల 23 సెంటీమీటర్లు పోవును. నంద్యాలనుండి ఆళ్ళగడ్డకు దాదాపు 18,000 చుట్లు. ఇంటిలో కత్తెర లేనపుడు ఇనుప తీగను ఒకేచోట అటునిటు వంచి త్రుంచుదుము గదా! లాగి తెంపలేని తీగ వంపులకు అలసి తెగును. సైకిలు చువ్వ తెగుటయు సాధారణముగా ఇట్లే, వంపువద్దనే. ఒకటి తెగినదనగా తక్కినవియు అదే అలసటలో నున్నవని తలపవలెను. మాకు నాలుగు చువ్వలు వరుసగా తెగుటకు ఇదియే కారణము.

ఇక ఎన్నికను గూర్చి. మొదటిది చువ్వల సంఖ్య. సైకిలుమీద మనిషి బరువులో పెద్దపాలు వెనుక చక్రముమీదనే పడును. వెనుక క్యారియరుమీద బియ్యపు మూటయో పాలక్యానులో కట్టినచో చెప్పనక్కరలేదు. అందువలననే పాత ఇంగ్లీషు సంప్రదాయమున ముందు చక్రమునకు 32, వెనుక చక్రమునకు 40 చువ్వలు వేసెడివారు. భారీ మనిషి వెనుక చక్రమునకు 36కు తక్కువ తీసికొనరాదు. 40 దొరికినచో మరియు మేలు. చూపునకు సొగసుగా నుండునని 24, 28 చువ్వల చక్రములను కొనుట ఆయనకు తగదు.

రెండవది చువ్వ లావు. 14 నెంబరు చువ్వ 2 మిల్లీమీటర్లు, 13 నెంబరు 2.3 మిల్లీమీటర్లు ఉండును. నెంబరు తగ్గినకొలది లావు పెరుగును. లావు చువ్వయే మేలని పలువురి నమ్మకము. కాని హబ్బు రంధ్రము సన్నని చువ్వకు చేసినదైనచో లావుది దానిలో సరిగా కూర్చుండదు. వదులుగా వేసిన లావు చువ్వకంటె చక్కగా బిగించిన 14 నెంబరు చువ్వయే ఎక్కువ కాలము నిలుచును. చువ్వ చివరి మరను పట్టు నిపిల్ ఇత్తడిదై యుండుట మంచిది.

మూడవది అల్లిక. 1874లో స్టార్లీ చువ్వలను హబ్బు నడుమనుండి నిట్టనిలువుగా గాక ఏటవాలుగా పట్టించు పద్ధతికి పేటెంటు పొందెను. పెడలు త్రొక్కినపుడు హబ్బు మెలిపడును. ఆ మెలికను రిమ్మునకు అందించునది ఏటవాలు చువ్వయే. 36 చువ్వల చక్రమున ఒక్కొక్క చువ్వ తన ప్రక్కవారిలో మూడింటిని, 40 చువ్వలదానిలో నాలుగింటిని దాటునట్లు అల్లించుట మంచి పద్ధతి.

నాలుగవది రిమ్ము. కడ్డీ బ్రేకుల పాత సైకిలునకు ఆ బ్రేకునకు తగిన ఉక్కు రిమ్మే కావలెను. తీగ బ్రేకుల సైకిలునకు రెండు గోడల అల్యూమినియం రిమ్ము తేలికయు గట్టియు. పైగా వానలో ఉక్కు రిమ్ముకంటె దానిమీద బ్రేకు బాగుగా పట్టును. ఏదైనను, కట్టించుటకు ముందు ఉత్త రిమ్మును ఇంటిలోని బేతంచెర్ల నాపరాతి నేలమీద పరుండబెట్టి చూడవలెను. ఎటు నొక్కినను ఊగకున్నచో మంచిది. వంకర రిమ్మును చువ్వలతో లాగి నిలబెట్టినచో కొన్ని చువ్వలకు బిగువు ఎక్కువ, కొన్నింటికి తక్కువ అగును.

టైరు కొంచెము వెడల్పైనది ఎన్నుకొని, దాని ప్రక్కన అచ్చువేసిన హద్దునకు లోబడి గాలి నిండుగా నుంచవలెను. కుందూ పరిసరములందలి నల్లరేగడి పొలములలో వేసవినాడు బండి జాడలు ఎండి రాయివలె గట్టిపడును. అట్టి చోట గాలి తక్కువైన టైరు నలిగి, దెబ్బ నేరుగా రిమ్మునకు తగులును. గోతులు వచ్చినపుడు సీటుమీదనుండి కొంచెము లేచి నిలుచుట అన్నిటికంటె చౌకైన రక్షణ.

ఇవన్నియు సరిపోయినను కట్టు మేస్త్రీ చేతిలోనే చక్రపు ఆయువు కలదు. ఆయన పనిని పరీక్షించుటకు శ్రోతలకు యంత్రమేదియు అవసరము లేదు. తంబురా శ్రుతిని రేడియోలో నిత్యము వినుచున్న చెవులు చాలును. చువ్వను రిమ్మునకు దగ్గరగా వ్రేలితో మీటుడు. చక్రమునకు ఒక ప్రక్కనున్న చువ్వలన్నియు ఇంచుమించు ఒకే స్వరము పలుకవలెను. ఒకటి మందముగా పలికినచో అది వదులు. గేర్ల సైకిలు వెనుక చక్రమున గొలుసువైపు చువ్వలకు బిగువు ఎక్కువగా నుండుట సహజము. కావున ఏ ప్రక్కవానిని ఆ ప్రక్కవానితోనే పోల్చవలెను. చక్రము చూపునకు వంకర లేక తిరుగుట ఒక్కటే చాలదు. చువ్వలు అసమానముగా నున్న చక్రము సైతము కొన్నాళ్ళు తిన్నగానే తిరుగును.

మంచి మేస్త్రీ బిగింపు ముగించిన పిదప చువ్వలను జంటలుగా చేతులతో గట్టిగా పిసికి, వంపులు హబ్బులో సర్దుకొనునట్లు చేసి, మరల సరిచూచును. క్రొత్త చక్రమును కొన్ని దినములు తొక్కి తిరిగి తెమ్మనును. ఆ రెండవ రాకను మనము బద్ధకించి మానరాదు.

చక్రము కట్టుట ఒకటి రెండు గంటల ఓపికగల పని. ఒక్క చువ్వ మార్చుటకు ఇచ్చు రుసుముతో దానిని పోల్చి బేరమాడుట వలన, తెలిసిన మేస్త్రీ సైతము తొందరపనికి దిగును. ఆయన కోరిన కూలి ఇచ్చి, ప్రక్కన కూర్చుండి, ముగిసిన పిదప చువ్వలను మీటి చూడుడు. స్వరము కలిసినచో గోడకు చేరవేసిన సైకిలును బయటకు తీయవచ్చును. ఆళ్ళగడ్డ బాటలో దానిమీద మా 104 కిలోలకు చోటు దొరికినది. మీకును దొరకును.