ఎటు చదివినను ఒక్కటే అగు సంఖ్య

‘వికటకవి’ అను పదమును ఎటునుండి చదివినను మారదు. సంఖ్యలలోను ఇట్టివి కలవు. వీటిని ఆంగ్లమున పాలిండ్రోములందురు. 12345678987654321 అను పదునేడంకెల సంఖ్య అట్టిది. అది 1 నుండి 9 వరకు మెట్లెక్కి, మరల 1 వరకు దిగును.

ఇట్టి సంఖ్యలు మన దేశమునకు క్రొత్తవి కావు. 9వ శతాబ్దమున, రాష్ట్రకూటరాజగు అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు రచించిన ‘గణితసారసంగ్రహము’లో 12345654321 కలదు. 1 మొదలు 6 వరకు పెరిగి క్రమముగా తగ్గు సంఖ్యయని అతడు దానిని వర్ణించెను. ఆ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన.

ఈ మెట్లు ఎట్లు ఏర్పడినవి? 11 × 11 = 121; 111 × 111 = 12321. మూడు ఒకట్లను మూడు ఒకట్లచే గుణించునపుడు, 111ని మూడుమారులు, ఒక్కొక్క స్థానము ఎడమకు జరుపుచు వ్రాసి కూడవలెను. అపుడు నిలువు వరుసలలో వరుసగా 1, 2, 3, 2, 1 ఒకట్లు పడును. ఇట్లే తొమ్మిది ఒకట్ల సంఖ్యయగు 111111111 యొక్క వర్గమే పై పదునేడంకెల సంఖ్య.

దీని అంకెల మొత్తము 81. ఇదియు ఒక వర్గమే. ఆ సంఖ్య 81చే నిశ్శేషముగా భాగింపబడును. ఏలయన, 111111111 = 9 × 12345679. ఇందు 12345679 = 37 × 333667; ఈ రెండును ప్రధాన సంఖ్యలు. కావున మన సంఖ్య 3 యొక్క నాల్గవ ఘాతము, 37 యొక్క వర్గము, 333667 యొక్క వర్గము, ఈ మూడింటి లబ్ధము. దానికి 5 × 3 × 3 = 45 భాజకములు కలవు. భాజకములు జతజతలుగా నుండును గదా, 45 బేసి సంఖ్య యెట్లయ్యెను? వర్గమూలమునకు జత అదియే. అందుచే ఒకటి ఒంటరిగా మిగులును.

తొమ్మిదిమారులు నిలిచిన వరుస పదవమారు కూడ నిలుచునా? పది ఒకట్లను వర్గము చేసినచో 1234567900987654321 వచ్చును. ఇది వెనుకనుండి చదివినచో మారిపోవును. నడిమి వరుసలో పది ఒకట్లు పడినవి. అచట 0 వేసి, 1ని ఎడమ స్థానమునకు కలుపవలసి వచ్చినది. అచటి 9 కూడ 10 అయి, మరియొక 1 ముందునకు సాగినది. మెట్లు చెడినవి.

పది అంకెలకు బదులు పదునారు అంకెలతో లెక్క వ్రాయు పద్ధతి కంప్యూటరు శాస్త్రమున కలదు. అందు పదునైదు ఒకట్ల వరకు ఈ మెట్లు చెడవు. అనగా మెట్ల అందము వ్రాయు పద్ధతికి చెందినది. వర్గమగుట, 45 భాజకములు కలిగియుండుట సంఖ్యకే చెందినవి. ఏ పద్ధతిలో వ్రాసినను ఇవి మారవు. విద్యార్థులు ఎనిమిది అంకెలతో వ్రాయు పద్ధతిలో ఈ వరుస ఎచట తెగునో స్వయముగా గుణించి చూడవచ్చును.