మామునూరు విమానాశ్రయము – గృహిణులకు గల సంబంధము

విమానాశ్రయ మనగానే అది ధనవంతులకును, ఉద్యోగులకును, వర్తకులకును సంబంధించిన విషయమనియు, ఇంటిపట్టున నుండు స్త్రీలకు దానితో పని లేదనియు తలచు సోదరీమణులు మనలో పెక్కుమంది కలరు. విమాన మెక్కినవారికంటె ఎక్కనివారే మన దేశమున నధికులు గనుక ఈ తలంపు సహజమే. కాని విమాన మాకాశమున తిరుగునదైనను, విమానాశ్రయము నేలమీద నుండునది. ఆ నేల యొకప్పు డెవరిదో పొలము. ఎవరి యింటి పాడికో మేతబీడు. ఎవరో యాడుబిడ్డ పుట్టినింటికి నడచిపోవు బాట. కావున విమానాశ్రయము పుట్టినను, పెరిగినను, పాడువడినను ఆ చుట్టుపట్ల సంసారముల కా మార్పు తగులక మానదు. ఇందులకు ఓరుగల్లు చెంతనున్న మామునూరు చక్కని తార్కాణము.

పూర్వ చరిత్ర

మామునూరు వరంగల్లునుండి ఖమ్మము పోవు దారిలో నున్నది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పాలనమున, 1930 ప్రాంతమున, ఇచ్చట విమానములు దిగుటకు మైదాన మేర్పడినది. ఆ కాలమున వరంగల్లు పరిశ్రమలకు నెలవగుచుండెను. 1934లో ఆజంజాహీ బట్టల మిల్లు నెలకొల్పబడి, వేలకొలది కుటుంబములకు కూడు పెట్టెను. మిల్లుల పనిమీద వచ్చిపోవువారికిని, ప్రభుత్వాధికారులకును ఈ మైదాన మక్కరకు వచ్చెను.

విమానయాన మప్పటికి మన దేశమున పసిబిడ్డ. 1932 అక్టోబరు 15వ తేదీని జె.ఆర్.డి. తాతాగారు చిన్న విమానమున ఉత్తరముల సంచులు పెట్టుకొని, కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి వచ్చిరి. అచ్చటినుండి నెవిల్ వింటుసెంటు అను నాయన ఆ టపాను బళ్లారి మీదుగా మద్రాసునకు చేర్చెను. మన దేశపు విమాన టపాకు తాతావారు వేసిన తొలియడుగు అదియే. అట్టి దినములలో ఓరుగల్లు వంటి పట్టణమునకు విమానములు దిగు చోటుండుట గొప్ప సంగతియే యని చెప్పవలెను.

నిజాము రాష్ట్ర విమానచరిత్రలో స్త్రీల పాలు కూడ కలదు. 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ అను కంపెనీ యేర్పడి, హైదరాబాదు బేగంపేటను కేంద్రముగా చేసికొని విమానములు నడిపెను. 1953లో ప్రభుత్వము విమాన కంపెనీలను జాతీయము చేసినప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయిన ఎనిమిదింటిలో నిదియు నొకటి. తక్కిన కంపెనీలు ఆడుది విమానము నడుపుటయా యని వెనుదీసినప్పుడు, ప్రేమ్ మాథుర్ అను యువతికి పైలటు ఉద్యోగ మిచ్చినది ఈ దక్కన్ ఎయిర్‌వేసే. అంతకుముందే, 1936లో, సరళా థక్రాల్ అను నామె ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున చీరకట్టుతోనే లాహోరున విమానము నడిపి లైసెన్సు పొందెను. అప్పటికే యామె యొక బిడ్డకు తల్లి. నేడు మన దేశపు పైలట్లలో నూటికి సుమారు 15 మంది స్త్రీలు. లోకమున మఱి యే పెద్ద దేశమునను ఈ పాలు ఇంతగా లేదన్న మాట మనకు గర్వకారణమే.

మూతపడిన మైదానము

స్వాతంత్ర్యానంతరము కొంతకాలము మామునూరున విమానముల రాకపోకలు సాగినవి. 1981లో నది మూతపడెను. తరువాత ఎన్.సి.సి. విద్యార్థులు గ్లైడర్లు నడుపుట నేర్చుకొనుటకు దానిని వాడుకొనిరి. తక్కిన భాగమున గడ్డి మొలిచెను. ఒక తరము పిల్లలు విమానము దిగుట చూడకయే పెరిగి పెద్దవారై, వారికిని పిల్లలు గలిగిరి.

మరల తెరవవలెనన్న కోరిక కలిగినప్పుడు ఒక చిక్కు అడ్డువచ్చెను. 2004లో శంషాబాదు విమానాశ్రయమును గూర్చి వ్రాసికొన్న ఒడంబడికలో, ఆ విమానాశ్రయము తెరచిన యిరువదియైదేండ్ల వరకు దానికి 150 కిలోమీటర్లలోపున క్రొత్త విమానాశ్రయము రాకూడదను షరతుండెను. శంషాబాదు 2008 మార్చిలో తెరవబడెను. వరంగల్లు ఆ హద్దులోనిదే. 2024లో శంషాబాదు నిర్వాహకులు అభ్యంతరము లేదని తెలుపుటతో దారి తెరుచుకొనెను. విస్తరణమునకు కావలసిన భూమి సేకరించుటకు రాష్ట్ర ప్రభుత్వము 2024 నవంబరులో 205 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. 2025 ఫిబ్రవరి 28వ తేదీని కేంద్ర విమానయాన శాఖ తన సమ్మతిని తెలిపెను.

అంత నేల యెందులకు?

మామునూరున ఇదివరకే 696 ఎకరములు గలవు. అదిగాక మఱియొక 253 ఎకరములు కావలసి వచ్చినవి. పూర్వము చిన్న మైదానమున దిగిన విమానములకు ఇప్పు డింత నేల యేల యని గృహిణు లడుగవచ్చును.

విమానము రెక్కలమీదుగా గాలి వేగముగా పారినప్పుడే దానికి పైకెత్తు బలము గలుగును. బరువు హెచ్చినకొలది వేగమును హెచ్చవలెను. ఆ వేగ మందుకొనుటకు నేలపై అంత దూరము పరుగెత్తవలెను. 1932 నాటి విమాన మొకరిద్దరిని, కొన్ని సంచులను మోసెడిది. దక్కన్ ఎయిర్‌వేసువారి డకోటా విమానమున సుమారు 20 మంది కూర్చుండెడివారు. నేటి ఎయిర్‌బస్ 320 రకపు విమానమున 180 మంది వరకు పట్టుదురు. అట్టి విమానములు దిగుటకై మామునూరున పరుగుబాటను 2800 మీటర్లకు పెంచ నుద్దేశించిరి. ఇదిగాక విమానము బాట తప్పినను ప్రమాదము కలుగకుండ రెండు వైపుల ఖాళీ స్థలము విడువవలెను. సమీపమున కట్టు మేడల యెత్తునకు హద్దు లుండును.

ఈ విషయమున మన వంటింటికిని పాలు గలదు. విమానము లేచునప్పుడును దిగునప్పుడును పక్షులు యంత్రములో పడినచో ప్రాణాపాయము. అందుచేతనే 1937 నాటి విమాన నిబంధనలలో, విమానాశ్రయమునకు పది కిలోమీటర్లలోపున పక్షులు మూగునట్లు చెత్తయు, కుళ్లిన పదార్థములును ఆరుబయట పారవేయరాదను నియమము చేర్చబడినది. వీధిలో విసరిన యెంగిలి విస్తరి ఆకాశమున పోవువారికి ముప్పు తేగలదని మన మెంతమంది మెరుగుదుము?

నేల యిచ్చువారి ఇండ్లలో

విస్తరణమున మేలు లేదని మేము చెప్పుట లేదు. వ్యాధిగ్రస్తుల ప్రయాణము, దూరదేశములనున్న బిడ్డల రాకపోకలు సుకరమగును. వేయిస్తంభముల గుడిని, రామప్పను చూడవచ్చువారు పెరుగుదురు. మన కడపయే యొక యుదాహరణము. 1953లో కట్టిన యచ్చటి విమానాశ్రయము బాగు చేయబడి 2015లో మరల తెరవబడెను. 2017 ఏప్రిలు 27వ తేదీని ‘ఉడాన్’ పథకము క్రింద బయలుదేరిన మొదటి విమానములలో కడప–హైదరాబాదు విమాన మొకటి.

అయితే ఇందు రెండవ ప్రక్కయు గలదు. అదే పథకమును గూర్చి 2023లో వెలువడిన కాగ్ నివేదికను బట్టి, విమాన కంపెనీల కప్పగించిన 774 మార్గములలో 403 మార్గములం దసలు విమానములే నడువలేదు. నడచిన 371లో మూడేండ్ల గడువు నిండినవి 112 మాత్రమే. విమానము నష్టము వచ్చిన మరునాడు మానుకొనవచ్చును. రైతు ఇచ్చిన పొలము మాత్రము మరల రాదు. కావున ఆ పొల మిచ్చునప్పుడే ఆ యింటివారికి న్యాయము జరుగవలెను.

గాడేపల్లి, నక్కలపల్లి, గుంటూరుపల్లి గ్రామముల భూములు ఈ విస్తరణమునకు కావలసి వచ్చినవి. తగిన పరిహార మియ్యవలెననియు, తమ యూరి దారి మూయునెడల వేరొక దారి వేయవలెననియు 2025లో రైతులు పట్టుబట్టిరి. ఈ కోరికలు న్యాయమైనవే. కాని ‘రైతు’ అన్నప్పుడు మన కన్నులయెదుట నిలుచునది పురుషుడే. నాటుటకును, కలుపు తీయుటకును, కోతకును, పాడికిని ఆడువారే నడుము వంచుచుందురు. పట్టా పాసుపుస్తకములో పేరు మాత్రము తండ్రిదో, భర్తదో, అన్నదో యగుచున్నది. పొల మున్నంతకాలము ఆ పేరెవరిదైనను ఇంటిల్లిపాదికి తిండి దొరకును. పొలము సొమ్ముగా మారిననాడు ఆ సొమ్ము పేరున్నవాని చేతికే పోవును. అది మంచి పనికి వినియోగమైనదా, అప్పులకును విందులకును కరిగిపోయినదా అని యడుగు హక్కు ఇల్లాలికి కొంచెమే.

కనుక మన చదువరులు రెండు చట్టముల సంగతి తెలిసికొనవలెను. తెలియని యిరుగుపొరుగు స్త్రీలకు చదివి చెప్పవలెను. మొదటిది 2013 నాటి భూసేకరణ చట్టము. వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబము విడిచిపెట్టిన స్త్రీలను వేరు కుటుంబములుగా లెక్కింపవలెనని యందు స్పష్టముగా చెప్పబడినది. అన్న యింట తలదాచుకొన్న విధవ యని యామెను అన్న లెక్కలో కలిపివేయుట ఆ చట్టమునకు విరుద్ధము. రెండవది హిందూ వారసత్వ చట్టము. 2005లో చేసిన సవరణమువలన తాతముత్తాతల యాస్తిలో కూతునకును కొడుకుతో సమానమైన భాగము వచ్చినది. ఆ సవరణనాటికి తండ్రి జీవించి యుండకపోయినను కూతు హక్కు చెల్లునని సుప్రీముకోర్టు 2020లో తీర్పు చెప్పెను. తోబుట్టువులతో తగవు పడుమని మేము బోధించుట లేదు. పంపకము జరుగువేళ ఊరకుండి, తరువాత కన్నీరు పెట్టుటకంటె, ముందే పెద్దలయెదుట మాట చెప్పుకొనుట కుటుంబమునకును మేలని మా యభిప్రాయము. పరిహారపు సొమ్ము వచ్చినప్పుడు అది భార్యాభర్త లిద్దరి పేర బ్యాంకులో నుండునట్లు చూచుకొనుటయు మంచిది.

జ్ఞాపకములు కాపాడవలదా?

క్రొత్త కట్టడములు లేచుచున్నప్పుడు పాతవి మాయమగుట మన దేశమున పరిపాటి యైనది. ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడెను. దాని విశాలమైన షెడ్లు, యంత్రశాలలు తరువాత చాలవరకు నేలమట్టమైనవి. అందు పనిచేసినవారి జ్ఞాపకములు తప్ప, అరువదియెనిమిది యేండ్ల యా జీవితమునకు నేడు మిగిలినది స్వల్పము. మామునూరునకు ఆ గతి పట్టరాదు. క్రొత్త భవనములో ఒక గది ఆ మైదానపు చరిత్రకు కేటాయించుట పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. పాత పటములు, పాత పరుగుబాట చిత్రములు, గ్లైడర్లమీద శిక్షణ పొందిన విద్యార్థుల ఫోటోలు అందుండవలెను. వానితోబాటు, నేల యిచ్చిన గ్రామముల పేరులును, ఆ కుటుంబముల స్త్రీపురుషుల పేరులును గోడమీద చెక్కబడవలెనని మేము కోరుచున్నాము. విమానములు దిగిన సంగతి ఒక్కటే చరిత్ర కాదు. ఎవరి పొలమున దిగినవో అదియు చరిత్రయే.

ఇందు ఇల్లాండ్రు చేయదగిన పనియు గలదు. వరంగల్లు ప్రాంతమున అత్తగారో, అమ్మమ్మయో వృద్ధురా లున్న యింట, చిన్నతనమున మామునూరు విమానమును చూచిన జ్ఞాపకము లుండవచ్చును. తీరిక వేళ నడిగి, పిల్లలచేత వ్రాయించి యుంచుడు. పెట్టెలలో పాత ఫోటోలున్నయెడల పారవేయక, వెనుకవైపున ఏ సంవత్సరమున తీసినదో వ్రాయుడు. పాసుపుస్తకములో ఎవరి పేరున్నదో యొకసారి తెరచి చూడుడు. విమానము మన యింటిమీదుగా పోవు దినమున పిల్లలు తలయెత్తి చూచి సంతోషింతురు. వారికి క్రిందనున్న నేల కథనుగూడ చెప్పగలిగిన తల్లు లుండవలెనని మా కోరిక.