కోటిపల్లి రైల్వే లైన్: రేవు దాకా వచ్చిన రైలు గోదావరి ఎందుకు దాటలేకపోతోంది?

కాకినాడ అనగానే సముద్రం, పోర్టు, బీచ్ గుర్తొస్తాయి. కానీ అక్కడి నుంచి గోదావరి రేవు దాకా వెళ్లే ఓ చిన్న రైల్వే లైన్ ఉందని బయటి జిల్లాల వాళ్లలో చాలామందికి తెలియదు. అదే కాకినాడ–కోటిపల్లి లైన్. పొడవు 45 కిలోమీటర్లు. పట్టాలు కోటిపల్లిలో ఆగిపోతాయి. అవతలి ఒడ్డున ముక్తేశ్వరం, అది దాటితే అమలాపురం. అక్కడికి మాత్రం రైలు లేదు. ఎందుకిలా?

ఒకసారి వేసి, పీకేసి, మళ్లీ వేసిన లైన్

ఈ లైన్ మొదట వేసింది 1928లో. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక, 1940లో బ్రిటిష్ ప్రభుత్వం యుద్ధ అవసరాల కోసం ఈ పట్టాలు తీసేసింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా పట్టాలు మాత్రం తిరిగి రాలేదు.

మళ్లీ కదలిక వచ్చింది జీఎంసీ బాలయోగి హయాంలో. అమలాపురం ఎంపీగా గెలిచి లోక్‌సభ స్పీకర్ అయిన ఆయన ఈ లైన్ కోసం గట్టిగా పట్టుబట్టారు. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. లైన్ పూర్తయింది 2004లో. అంటే రైలు కూత మళ్లీ వినడానికి 60 ఏళ్లకు పైగా పట్టింది.

రైల్ బస్ అంటే?

ఈ లైన్‌కు పేరు తెచ్చింది రైల్ బస్. చూడటానికి బస్సులా ఉండే ఒకే ఒక్క బోగీ. రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా పొలాల మధ్య నెమ్మదిగా వెళ్లేది. దారిలో లెవెల్ క్రాసింగ్ వస్తే బండి ఆగేది. సిబ్బంది దిగి గేటు వేసేవాళ్లు. బండి దాటాక గేటు తీసి మళ్లీ ఎక్కేవాళ్లు.

వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ రోజూ పనికి, కాలేజీకి వెళ్లేవాళ్లకు టైం ముఖ్యం. అదే రూట్‌లో బస్సులు, ఆటోలు తరచూ దొరుకుతాయి. దాంతో రైలు ఎక్కేవాళ్లు తగ్గారు. ఎక్కేవాళ్లు లేకపోతే ఆదాయం ఉండదు, ఆదాయం లేకపోతే సర్వీసులు పెరగవు.

అసలు చిక్కు ఎక్కడ?

ఈ లైన్ జనం ఎక్కువగా ఉన్నచోటికి చేరకముందే ఆగిపోయింది. గోదావరి పాయల మధ్య ఉన్న కోనసీమకు రైలే లేదు. కొబ్బరి, చేపలు, అరటి అన్నీ రోడ్డు మీదే వెళ్లాలి. కోటిపల్లిలో దిగినవాళ్లు అవతలికి వెళ్లాలంటే పంటు ఎక్కాలి. వరద వస్తే ఆ పంటు కూడా ఆగిపోతుంది. అప్పుడు యానాం–ఎదుర్లంక వంతెన మీదుగానో, రావులపాలెం మీదుగానో చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే.

57 కిలోమీటర్లకు ఇన్నేళ్లా?

కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నర్సాపురం వరకు కొత్త లైన్ 2000–01లోనే మంజూరైంది. దూరం దాదాపు 57 కిలోమీటర్లే. కానీ దారిలో మూడు గోదావరి పాయలు ఉన్నాయి. గౌతమి, వైనతేయ, వశిష్ఠ. మూడింటి మీదా పెద్ద వంతెనలు కట్టాలి. ఇది డెల్టా నేల, పైన అంతా మెత్తటి ఒండ్రు. పునాదులు చాలా లోతుకు దించాలి. వరదల సీజన్‌లో నదిలో పని సాగదు. పాయలు కాకుండా అడుగడుగునా కాలువలు, డ్రెయిన్లు. ఒక్కోదానికీ ఒక్కో చిన్న వంతెన. పైగా భూమి అంతా కొబ్బరి తోటలు, వరి చేలే. సేకరణ అంత తేలిక కాదు.

ఇక డబ్బు సంగతి. అంచనా వ్యయం రూ.2,120 కోట్లకు చేరింది. ఇందులో 25 శాతం రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలి. రాష్ట్ర వాటా సరిగా రాకపోవడం వల్లే పనులు నెమ్మదించాయని రైల్వే శాఖ పార్లమెంటులో పలుమార్లు చెప్పింది. ఇది ఒక్క కోనసీమ సమస్యే కాదు. మడకశిర, రొళ్ల వైపు జనం ఎదురుచూస్తున్న రాయదుర్గం–తుమకూరు లైన్‌ కూడా ఇలా ఖర్చు పంచుకునే పద్ధతిలోదే. అక్కడ రాష్ట్ర వాటా 50 శాతం. వాటా కట్టడం ఆలస్యమైతే పని ఆలస్యం, పని ఆలస్యమైతే అంచనా పెరుగుదల. పెరిగిన అంచనాతో పాటు వాటా కూడా పెరుగుతుంది.

పూర్తయితే ఏం మారుతుంది?

కాకినాడ నుంచి నర్సాపురం, భీమవరం మీదుగా విజయవాడ వైపు తీరం వెంట మరో దారి దొరుకుతుంది. విశాఖ–విజయవాడ మెయిన్ లైన్ మీద ఒత్తిడి తగ్గించే అవకాశం ఉంటుంది. భక్తులకూ మేలే. పంచారామాల్లో సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం నాలుగూ ఒకే రైలు దారిలోకి వస్తాయి. అంతర్వేది వెళ్లేవాళ్లకు కూడా దారి సులువవుతుంది.

గౌతమి పాయలో వంతెన పిల్లర్లు ఇప్పటికే లేచి నిలబడ్డాయి. పంటు మీద నది దాటేవాళ్లకు అవి కనిపిస్తూనే ఉంటాయి. వాటి మీద పట్టాలు పడి, మిగతా రెండు పాయలు కూడా దాటితేనే కోటిపల్లి లైన్‌కు అసలు ప్రయాణికులు దొరుకుతారు.