కంబళికి వెచ్చదనం ఎక్కడిది?

వేసవిలో ఐసు అమ్మేవాని బండిని చూచే ఉంటారు. ఐసు దిమ్మ మీద రంపపు పొట్టు పోసి, ఆ పైన గోనెపట్టా కప్పుతాడు. గోనెకు బదులు కంబళి కప్పినా ఐసు అంత తొందరగా కరగదు. చలికాలంలో మనకు వెచ్చదనం ఇచ్చే కంబళి, ఎండాకాలంలో ఐసును చల్లగా ఎట్లా కాపాడుతున్నది?

నిజానికి కంబళిలో వేడీ లేదు, చలువా లేదు. వేడి ఒక పక్క నుంచి మరొక పక్కకు పోకుండా అడ్డుపడటమే దాని పని. ఎండలో బయటి వేడిని లోపలికి రానివ్వదు. చలిలో మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఊరక కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల బల్బుతో సమానంగా వేడిని పుట్టిస్తూ ఉంటుంది. మనకు పొయ్యి మన దేహమే. ఉడుపు దాని చుట్టూ కట్టిన గోడ మాత్రమే.

ఈ చిన్న సూత్రం తెలియక ఇబ్బంది పడేవారు ఏటా మన ఊళ్ల నుంచే బయలుదేరుతున్నారు. అమెరికా, కెనడా విశ్వవిద్యాలయాలలో చేరే తెలుగు విద్యార్థులు ఎక్కువమంది ఆగస్టులో, అక్కడ ఇంకా ఎండ కాస్తుండగానే దిగుతారు. పెట్టెలో రెండు స్వెట్టర్లు ఉన్నాయి కదా అని ధీమాగా ఉంటారు. హైదరాబాదులో జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత 14, 15 డిగ్రీలకు దిగితేనే మనం మంకీ టోపీలు బయటికి తీస్తాము. షికాగో నగరంలో 2019 జనవరి 30న అది సున్నకు దిగువ 30 డిగ్రీల సెంటిగ్రేడును దాటిపోయింది. ఏటా అంత చలి ఉండదు నిజమే. కాని ఆ పాటి చలికి గాలి కూడా తోడైతే, కప్పుకోని ముక్కూ చెవులూ వేళ్లూ కొద్ది నిమిషాలలోనే గడ్డకట్టవచ్చు. ముదిరితే వేలు తీసివేయవలసి వస్తుంది. కనుక ఇది సోకుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు.

వేడికి అడ్డుపడేది ఉన్ని అనుకుంటాము. అసలు పని చేసేది ఉన్ని పోగుల మధ్య చిక్కుకొన్న గాలి. కదలకుండా నిలిచిన గాలి చాలా అధమమైన ఉష్ణవాహకం. నీరు దానికన్నా 20 రెట్లకు పైగా వేడిని మోసుకుపోతుంది. ఉన్ని పోగు సహజంగా మెలికలు తిరిగి ఉంటుంది కనుక పోగులు ఒకదానితో ఒకటి అతుక్కోవు. నడుమ గాలి నిలుస్తుంది. పక్షుల మెత్తని నూగు ఈకలలోనూ ఇదే కిటుకు. ఉడుపు బరువుగా ఉంటే వెచ్చగా ఉంటుందనడం పొరపాటు. కావలసినది మందం.

ఎంత మందం? దీనిని లెక్క కట్టడానికి 1941లో ‘క్లో’ అనే ప్రమాణాన్ని ప్రతిపాదించారు. గాలి పెద్దగా కదలని గదిలో, 21 డిగ్రీల వద్ద, ఊరక కూర్చున్న మనిషిని సుఖంగా ఉంచే ఉడుపు విలువ ఒక క్లో. సూటు తొడుక్కున్న ఉద్యోగిని ఊహించుకోండి. మన చొక్కా, ప్యాంటు కలిపి సుమారు అర క్లో. ఒక క్లోకు ఆరు మిల్లీమీటర్లకు కాస్త పైగా మందం కావాలి. ఇప్పుడు సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో బస్సు కోసం కూర్చున్న విద్యార్థిని తీసుకోండి. లెక్క వేస్తే అతనికి సుమారు 7 క్లోలు, అనగా ఒళ్లంతా నాలుగు సెంటీమీటర్లకు మించిన మందం అవసరమవుతుంది. అతడే లేచి వడిగా నడిస్తే దేహం రెండు మూడు రెట్లు వేడి పుట్టిస్తుంది; అప్పుడు రెండున్నర క్లోలు చాలు. తరువాత 21 డిగ్రీలుండే తరగతి గదిలోకి అడుగు పెడతాడు. అక్కడ ఒక్కటే చాలు. ఒకే పూటలో ఈ మూడు అవసరాలనూ ఒకే లావుపాటి కోటు తీర్చలేదు. అందుకే చలిదేశాలవారు ఉల్లిపాయ పొరలలాగా ఒకదానిపై ఒకటి తొడిగి, అవసరాన్ని బట్టి విప్పుతూ ఉంటారు.

విప్పకపోతే చెమట పడుతుంది. చలిలో చెమట పట్టడం ఎంత ప్రమాదమో మన ఉక్కపోతలో పెరిగినవారికి తోచదు. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి దాదాపు 580 కెలోరీల వేడి కావాలి. దానిని మన ఒంటి నుంచే లాగుకొంటుంది. పైగా బట్ట తడిస్తే గాలి ఉన్నచోట నీరు చేరుతుంది. మనకు ప్రాణమైన నూలు బనియను ఇక్కడ తగదు. నూలు చెమటను పీల్చుకొని ఒంటికి అతుక్కుంటుంది, ఆరదు. ఉన్ని తన బరువులో మూడవ వంతు దాకా తేమను పోగు లోపలే దాచుకొని కూడా తడిగా తోచదు. పాలియెస్టరు తేమను దాదాపు పీల్చుకోనే పీల్చుకోదు, త్వరగా ఆరిపోతుంది. ఒంటికి ఆనే పొర ఈ రెంటిలో ఏదైనా ఒకటి కావాలి.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చు. ఒకే రకం సీసాలు మూడింటిలో వేడినీరు పోయండి. ఒకదానికి పొడి తువ్వాలు వదులుగా చుట్టండి. రెండవదానికి అటువంటి తువ్వాలునే పురికొసతో బిగించి కట్టండి. మూడవదానికి తడిపి పిండిన తువ్వాలు చుట్టండి. మూడింటినీ ఫ్యాను కింద పెట్టి, ఐదు నిమిషాలకొకసారి ఉష్ణమాపకంతో చూడండి. తడి తువ్వాలు సీసా అన్నిటికన్నా ముందు చల్లారుతుంది.

గాలి సంగతి ఆ ఫ్యానే చెబుతుంది. అంటార్కిటికాలో సైపిల్, పాసెల్ అనే ఇద్దరు చిన్న డబ్బాలో నీరు గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో వేరు వేరు గాలి వేగాల వద్ద కొలిచి, 1945లో ఫలితాలు ప్రకటించారు. 2001లో సవరించిన సూత్రం ప్రకారం సున్నకు దిగువ 20 డిగ్రీల వద్ద గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, బయట ఉన్న చర్మానికి అది సున్నకు దిగువ 33 డిగ్రీలలాగా తగులుతుంది. (ఉష్ణమాపకం మాత్రం 20 దగ్గరే నిలుస్తుంది, విద్యార్థులు ఇక్కడ తరచు పొరబడతారు.) అల్లిన స్వెట్టరు కన్నాలగుండా గాలి దూరి వెచ్చని గాలిని తరిమేస్తుంది. దాని మీద గాలి చొరని పలుచని నేత బట్ట ఒక్కటి వేస్తే చాలు, అదే స్వెట్టరు ఎంతో వెచ్చనవుతుంది.

ఇక అందం మాట. 1922లో ఎవరెస్టు ఎక్కబోయిన బ్రిటిషు బృందంలో జార్జి ఫించ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు బెలూను గుడ్డలో ఈడర్ బాతు నూగు కూర్చి కుట్టించిన కోటు తెచ్చుకొన్నాడు. తక్కినవారు ఉన్ని స్వెట్టర్లు, ట్వీడు కోట్లు వేసిన పెద్దమనుషులు. ఉబ్బిన ఆ కోటును చూచి నవ్వారు. చలిగాలి మొదలయ్యాక అసూయపడ్డారు. ఆ ఏడు ఫించ్ 8,300 మీటర్లకు పైగా ఎక్కాడు. ఆయనే 1952 నుంచి 1957 వరకు పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు డైరెక్టరుగా పని చేశాడు. ఆనాడు నవ్వులపాలైన ఆ కోటు వంటిదే నేడు చలిదేశాల వీధులలో పరమ నాగరికమైన వేషం!

రంగు విషయంలో మీ ఇష్టమే. ఒంటి వేడి కంటికి కనబడని పరారుణ కిరణాలుగా వెలువడుతుంది. ఆ కిరణాలకు ఎర్ర బట్ట, నల్ల బట్ట దాదాపు ఒకటే. కోతలో మాత్రం జాగ్రత్త. నడుము పట్టి ఉండే కోటు అద్దంలో బాగుంటుంది గాని, లోపల స్వెట్టరు నలిగి గాలి పోతుంది. కోటు కొనేటప్పుడు స్వెట్టరు వేసుకొనే తొడిగి చూడాలి. నా మట్టుకు, లోపలి పొరలు ఇక్కడ కొన్నా, కోటూ బూట్లూ ఆ దేశం చేరాక చలి ముదరకముందే కొనడం మేలు.

చేతులకు, ఐదు వేళ్లూ విడిగా ఉండే తొడుగులకన్నా నాలుగు వేళ్లనూ ఒకే సంచిలో పెట్టే మిటెన్లు మంచివి. వేడి పోయే ఉపరితలం తగ్గుతుంది. బూటు ఒక సైజు పెద్దది తీసుకోండి. రెండు జతల మేజోళ్లు బిగువుగా ఇరికిస్తే గాలి నలిగిపోవడమే కాక, రక్తప్రసరణకూ అడ్డు తగిలి కాలు మరింత చల్లబడుతుంది. మందపు మేజోడు తొడిగి, బూటు లేసు కట్టాక లోపల కాలి వేళ్లు ఆడించి చూడండి. ఆడకపోతే ఆ జత అంగడిలోనే వదిలిపెట్టండి.