పొదుపు ఖాతా

పొదుపు ఖాతా అనగా వ్యక్తులు తమ ఆదాయంలో మిగిలిన సొమ్మును బ్యాంకులో గాని తపాలా కార్యాలయంలో గాని దాచుకొని, అవసరమైనప్పుడు తిరిగి తీసుకొనుటకు వీలు కల్పించే ఖాతా. దీనిని వాడుకలో సేవింగ్స్ ఖాతా, ఎస్.బి. ఖాతా అని కూడా పిలుస్తారు. వ్యాపార లావాదేవీలకు ఉద్దేశించిన కరెంటు ఖాతాపై సాధారణంగా వడ్డీ ఉండదు, పొదుపు ఖాతాపై వడ్డీ లభిస్తుంది. అయితే నిర్ణీత కాలానికి దాచే ఫిక్సెడ్ డిపాజిట్ కంటే ఈ వడ్డీ సాధారణంగా తక్కువ. మరొకవైపు ఖాతాకు సంబంధించిన పలు సేవలపై బ్యాంకులు రుసుములు వసూలు చేస్తాయి. చిన్న మొత్తాలు దాచుకొనేవారి విషయంలో ఏడాది పొడవునా వచ్చే వడ్డీ కంటే తెలియక చెల్లించే రుసుములే ఎక్కువయ్యే అవకాశం ఉన్నది. అందుచేత వడ్డీ లెక్కించే పద్ధతి, రుసుముల నియమాలు రెండూ తెలిసియుండుట ఖాతాదారునికి అవసరం. ఈ వ్యాసంలోని ఉదాహరణలు తిమ్మాజిపేట పరిసరాలకు అన్వయించి ఇవ్వబడినవి.

తిమ్మాజిపేట ప్రాంతంలో నేపథ్యం

తిమ్మాజిపేట తెలంగాణ రాష్ట్రంలోని నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు పూర్వం ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. నిజాం పాలనలో ఉన్న ఈ ప్రాంతానికి సంబంధించిన ప్రభుత్వ బ్యాంకు హైదరాబాద్ స్టేట్ బ్యాంకు. ఇది 1942 ఏప్రిల్ 5న కార్యకలాపాలు ప్రారంభించి, తరువాతి కాలంలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా మారి, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైనది. గ్రామీణ బ్యాంకుల విషయానికి వస్తే, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో పనిచేసిన సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు 2006లో మరికొన్ని బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుగా ఏర్పడినది. దీనికి తెలంగాణలో ఉన్న శాఖలు 2025 జనవరి 1 నుండి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసినవి. పాత పాసు పుస్తకంపై ఈ బ్యాంకులలో దేని పేరు ఉన్ననూ అందులోని సొమ్ముపై ఖాతాదారుని హక్కు అలాగే కొనసాగుతుంది.

ఈ ప్రాంతంలో పొదుపు ఖాతాల అవసరాన్ని పెంచినవి ప్రభుత్వ చెల్లింపులు. 2006 ఫిబ్రవరిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదటి విడతలో అమలైన 200 జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. కూలి సొమ్ము ఖాతాల ద్వారా అందుట దానితో వ్యాపించినది. 2018 మే 10న ప్రారంభమైన రైతుబంధు సహాయాన్ని తొలి విడతలో చెక్కుల రూపంలో ఇచ్చి, తరువాత నేరుగా బ్యాంకు ఖాతాలలో జమచేశారు. పాలమూరు ప్రాంతం నుండి దూర నగరాలకు వలసవెళ్ళే కూలీలు ఇంటికి డబ్బు పంపుటకు కూడా ఖాతాలనే ఉపయోగిస్తున్నారు.

వడ్డీ లెక్కించే విధానం

పొదుపు ఖాతా వడ్డీ రేటును చాలాకాలం రిజర్వు బ్యాంకే నిర్ణయించేది. 2003 మార్చి నుండి 3.5 శాతంగా ఉన్న రేటు 2011 మే 3న 4 శాతానికి పెరిగినది. 2011 అక్టోబరు 25 నుండి రేటును నిర్ణయించుకొనే స్వేచ్ఛ బ్యాంకులకు ఇవ్వబడినది. ఒక లక్ష రూపాయల వరకు ఉన్న నిల్వపై ఒక బ్యాంకు ఖాతాదారులందరికీ ఒకే రేటు ఇవ్వాలి. భారతీయ స్టేట్ బ్యాంకు 2025 జూన్ 15 నుండి 2.5 శాతం రేటును అమలుచేసినది. బ్యాంకుకూ బ్యాంకుకూ రేటులో తేడా ఉంటుంది కనుక ఖాతా తెరిచే ముందు విచారించుట మంచిది.

2010 ఏప్రిల్ 1కి పూర్వం ప్రతి నెల 10వ తేదీ నుండి నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న కనిష్ఠ నిల్వపై మాత్రమే వడ్డీ లెక్కించేవారు. ఆ తేదీ నుండి ప్రతిరోజు సాయంత్రానికి ఉన్న నిల్వపై వడ్డీ లెక్కించుచున్నారు. ఈ మార్పు వలన కలిగిన లాభాన్ని ఒక ఉదాహరణ ద్వారా గ్రహించవచ్చును. తిమ్మాజిపేట రైతు ఒకరు ప్రత్తి అమ్మిన సొమ్ము రూ.60,000 నెల 5వ తేదీన ఖాళీ ఖాతాలో వేసి, 25వ తేదీన మొత్తం తీసుకున్నారనుకొందాం. పాత పద్ధతిలో ఆ నెల కనిష్ఠ నిల్వ సున్నా కనుక వడ్డీ రాదు. ఇప్పటి పద్ధతిలో 20 రోజులకు 2.5 శాతం చొప్పున సుమారు రూ.82 లభిస్తుంది.

తపాలా కార్యాలయ పొదుపు ఖాతాలో మాత్రం 10వ తేదీ నుండి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వపైనే వడ్డీ లెక్కించే పద్ధతి కొనసాగుచున్నది. అందుచేత ఇక్కడ సొమ్మును 10వ తేదీ లోపు జమచేసి, తీసుకొనవలసినచో వచ్చే నెల మొదటి రోజులలో తీసుకొనుట లాభదాయకం. ఈ ఖాతాలో కనీసం రూ.500 ఉండాలి. ఆర్థిక సంవత్సరాంతానికి అంతకంటే తగ్గినచో రూ.50 నిర్వహణ రుసుము తగ్గిస్తారు.

కనీస నిల్వ, జరిమానా

ఖాతాలో ఎల్లప్పుడూ ఉంచవలసిన మొత్తాన్ని కనీస నిల్వ అంటారు. పలు బ్యాంకులు దీనిని నెలసరి సగటు రూపంలో లెక్కిస్తాయి. నెలలో ప్రతిరోజు సాయంత్రానికి ఉన్న నిల్వలను కూడి, రోజుల సంఖ్యతో భాగించినచో సగటు వస్తుంది. సగటు రూ.1,000 ఉండవలసిన ఖాతాలో 30 రోజుల నెలలో 15 రోజులు ఏమీ లేకున్ననూ, మిగిలిన 15 రోజులు రూ.2,000 ఉన్నచో నియమం నెరవేరినట్లే. నెల మధ్యలో నిల్వ తగ్గినదని గమనించినవారు మిగిలిన రోజులలో కొంత ఎక్కువ ఉంచి జరిమానా తప్పించుకొనవచ్చును.

ఈ మొత్తం సాధారణంగా శాఖ ఉన్న ఊరి జనాభాను బట్టి మారుతుంది. గ్రామీణ శాఖలలో తక్కువగాను, మహానగర శాఖలలో ఎక్కువగాను ఉంటుంది. హైదరాబాదులో గాని ముంబైలో గాని పనిచేస్తూ అక్కడ ఖాతా తెరిచిన వలస కూలీ, ఊరికి తిరిగివచ్చిన తరువాత కూడా మహానగర నియమానికే లోబడి ఉంటాడు. అటువంటివారు ఖాతాను దగ్గరి శాఖకు మార్పించుకొనవచ్చును లేదా కనీస నిల్వ లేని ఖాతాగా మార్చమని కోరవచ్చును. జీతపు ఖాతాలదీ ఇదే సమస్య. ఉద్యోగం మానిన తరువాత కొన్ని నెలలపాటు జీతం జమకాకపోయినచో అది మామూలు పొదుపు ఖాతాగా మారి, కనీస నిల్వ నియమం వర్తిస్తుంది.

భారతీయ స్టేట్ బ్యాంకు 2017 ఏప్రిల్ నుండి గ్రామీణ శాఖలలో రూ.1,000 కనీస నిల్వను విధించి, 2020 మార్చి 11న అన్ని పొదుపు ఖాతాలకు ఈ నియమాన్ని ఎత్తివేసినట్లు ప్రకటించినది. కెనరా బ్యాంకు 2025 జూన్‌లోను, పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు 2025 జూలైలోను జరిమానాను తొలగించినవి. జరిమానా ఉన్న బ్యాంకులకు రిజర్వు బ్యాంకు నియమాలు 2015 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నవి. వాటిలో ముఖ్యమైనవి:

- నిల్వ తగ్గినప్పుడు ఖాతాదారునికి తెలియజేసి, సరిచేసుకొనుటకు కనీసం ఒక నెల గడువు ఇవ్వాలి.
- జరిమానా తగ్గిన మొత్తానికి తగిన నిష్పత్తిలో ఉండాలి.
- జరిమానా కారణంగా మాత్రమే ఖాతా నిల్వ సున్నా కంటే దిగువకు పోరాదు.

ఏటీఎం రుసుములు

సొంత బ్యాంకు ఏటీఎంలలో నెలకు కనీసం 5 లావాదేవీలు ఉచితం. ఇతర బ్యాంకుల ఏటీఎంలలో మహానగరాలలో 3, మిగిలిన చోట్ల 5 ఉచితం. ఈ లెక్క ఏటీఎం ఉన్న స్థలాన్ని బట్టి ఉంటుంది. తిమ్మాజిపేట ఖాతాదారునికి జడ్చర్లలో ఇతర బ్యాంకు ఏటీఎం 5 సార్లు ఉచితం కాగా, హైదరాబాదు మహానగరాల జాబితాలో ఉన్నందున అక్కడ 3 సార్లు మాత్రమే ఉచితం. ఇతర బ్యాంకుల ఏటీఎంలలో నిల్వ ఎంత ఉన్నదో చూచుకొనుట కూడా ఈ లెక్కలోకి వస్తుంది. యంత్రంలో నగదు లేకపోవుట, సాంకేతిక లోపం వంటి కారణాలతో విఫలమైన లావాదేవీలు లెక్కలోకి రావు.

ఉచిత పరిమితి దాటిన తరువాత ఒక్కొక్క లావాదేవీకి గరిష్ఠంగా రూ.23 వసూలు చేయుటకు 2025 మే 1 నుండి అనుమతి ఉన్నది. 18 శాతం జీఎస్టీతో కలిపి ఇది రూ.27.14 అవుతుంది. 2.5 శాతం వడ్డీపై ఏడాది పాటు రూ.10,000 దాచినవారికి వచ్చేది రూ.250. అదే ఏడాదిలో పరిమితికి మించి పది సార్లు ఏటీఎం వాడినచో పోయేది రూ.271. చిన్న మొత్తాలను పలుమార్లు తీయుటకు బదులు నెల ఖర్చును అంచనావేసి రెండు మూడు సార్లుగా తీయుట, నిల్వను ఫోను ద్వారా తెలుసుకొనుట ఈ నష్టాన్ని నివారిస్తాయి.

ఏటీఎంలో నగదు రాకుండానే ఖాతాలో తగ్గినచో, ఆ తేదీ తరువాత 5 రోజుల లోపు బ్యాంకు తిరిగి జమచేయాలి. ఆలస్యమైన ప్రతి రోజుకు రూ.100 చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించినది.

ఇతర రుసుములు

- ఏటీఎం కార్డు వార్షిక రుసుము: కార్డు రకాన్ని బట్టి మారుతుంది. అవసరం లేని ఖరీదైన కార్డుకు బదులు సాధారణ కార్డు కోరవచ్చును.
- ఎస్సెమ్మెస్ రుసుము: వాస్తవంగా పంపిన సందేశాల మేరకే వసూలు చేయాలని రిజర్వు బ్యాంకు 2013లో సూచించినది.
- వాయిదా తిరస్కరణ: ద్విచక్రవాహనం, సెల్‌ఫోను వంటివాటి అప్పు వాయిదా గడువు నాటికి ఖాతాలో సొమ్ము లేనిచో బ్యాంకు, అప్పు ఇచ్చిన సంస్థ రెండూ రుసుము వేయవచ్చును. వాయిదా తేదీకి ఒక రోజు ముందే సొమ్ము ఉంచుట క్షేమం.
- డబ్బు పంపుట: పొదుపు ఖాతాదారులు ఆన్‌లైన్‌లో చేసే నెఫ్ట్ బదిలీలకు 2020 జనవరి 1 నుండి రుసుము లేదు.
- బ్యాంకు మిత్ర: గ్రామాలలో వేలిముద్రతో నగదు ఇచ్చే బ్యాంకు ప్రతినిధి ఖాతాదారుని నుండి తనంతట తాను కమీషను తీసుకొనరాదు. ప్రతి లావాదేవీకి రశీదు అడిగి తీసుకొని, పాసు పుస్తకంతో సరిచూచుకోవాలి.

కనీస నిల్వ లేని ఖాతాలు

రిజర్వు బ్యాంకు 2005 నవంబరులో కనీస నిల్వ లేని ఖాతాలను ప్రవేశపెట్టమని బ్యాంకులను కోరినది. 2012 ఆగస్టులో వీటి స్థానంలో ప్రాథమిక పొదుపు ఖాతా వచ్చినది. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఎవరైననూ ఈ ఖాతాను తెరవవచ్చును. కనీస నిల్వ అవసరం లేదు. ఏటీఎం కార్డు, నెలకు కనీసం నాలుగు సార్లు సొమ్ము తీసుకొనే సౌకర్యం ఉచితం. ఈ ఖాతా ఉన్నవారు అదే బ్యాంకులో మరొక పొదుపు ఖాతా కలిగియుండరాదు. మామూలు ఖాతా ఉన్నవారు వ్రాతపూర్వకంగా కోరి దానినే ప్రాథమిక ఖాతాగా మార్పించుకొనవచ్చును. 2014 ఆగస్టు 28న ప్రారంభమైన ప్రధానమంత్రి జన్‌ధన్ యోజన ఖాతాలు కూడా ఈ కోవకు చెందినవే.

ఖాతాతో ముడిపడిన బీమా

జన్‌ధన్ ఖాతాతో ఇచ్చే రూపే కార్డుకు ప్రమాద బీమా ఉన్నది. 2018 ఆగస్టు 28 తరువాత తెరిచిన ఖాతాలకు ఇది రూ.2 లక్షలు. అయితే ప్రమాదానికి ముందు 90 రోజులలో కనీసం ఒక్కసారైననూ ఆ కార్డుతో లావాదేవీ జరిగియుండాలి. కార్డును పెట్టెలో దాచియుంచినవారి కుటుంబానికి ఈ బీమా అందదు.

2015 మే 9న ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షా బీమా (ప్రమాద బీమా), జీవన జ్యోతి బీమా పథకాలకు 2022 జూన్ 1 నుండి వార్షిక ప్రీమియం వరుసగా రూ.20, రూ.436. చేరినవారి ఖాతా నుండి ప్రతి ఏటా మే నెలలో ఈ మొత్తం తగ్గించబడుతుంది. ఆ సమయానికి ఖాతాలో సొమ్ము లేనిచో రూ.2 లక్షల బీమా ఆగిపోవును. వ్యవసాయ పనులు లేని మే నెలలో ఖాతాలు ఖాళీగా ఉండుట సహజం. అందుచేత ఈ రెండు పథకాలలో చేరినవారు ఏప్రిల్ నుండే రూ.500 అదనంగా ఉంచుట మేలు.

నిష్క్రియ ఖాతాలు

రెండు సంవత్సరాలపాటు ఖాతాదారుడు ఏ లావాదేవీ జరపనిచో ఆ ఖాతాను నిష్క్రియ ఖాతాగా పరిగణిస్తారు. బ్యాంకు వేసిన వడ్డీ లావాదేవీగా లెక్కకు రాదు. నిష్క్రియ ఖాతాలో కనీస నిల్వ లేదని జరిమానా వేయరాదు, తిరిగి ప్రారంభించుటకు రుసుము తీసుకొనరాదు. పది సంవత్సరాలు దాటిన సొమ్ము రిజర్వు బ్యాంకు నిర్వహించే డిపాజిటర్ల విద్య, అవగాహన నిధికి బదిలీ అవుతుంది. తరువాత కూడా ఖాతాదారుడు గాని వారసులు గాని ఆ సొమ్మును బ్యాంకు ద్వారా పొందవచ్చును. ఇటువంటి సొమ్మును వెదకుటకు రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే వెబ్‌సైటును ప్రారంభించినది. నామినీ పేరు నమోదు చేయించుట వలన వారసుల శ్రమ తగ్గుతుంది.

ఎక్కువ ప్రయోజనం పొందే మార్గాలు

- రెండు మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడు మొత్తాన్ని పొదుపు ఖాతాలో ఉంచి, మిగిలినది ఫిక్సెడ్ డిపాజిట్ లేదా రికరింగ్ డిపాజిట్‌లో వేయవచ్చును. గడువుకు ముందే తీసినచో వడ్డీ తగ్గుతుంది కనుక పెద్ద మొత్తాన్ని రెండు మూడు డిపాజిట్లుగా విభజించుట మంచిది.
- నిల్వ నిర్ణీత పరిమితి దాటగానే అదనపు సొమ్మును దానంతట అదే డిపాజిట్‌గా మార్చే సౌకర్యం పలు బ్యాంకులలో ఉన్నది.
- వాడని ఖాతాలను మూసివేసి, ప్రభుత్వ చెల్లింపులు వచ్చే ఖాతాను ఉంచుకొనుట వలన రుసుములు తగ్గుతాయి.
- బ్యాంకు మూతపడినచో ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి వడ్డీతో కలిపి రూ.5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉన్నది. ఈ పరిమితి 2020 ఫిబ్రవరి 4 నుండి అమలులో ఉన్నది. ప్రైవేటు చిట్టీలకు ఇది వర్తించదు.

ఫిర్యాదులు

పాసు పుస్తకంలో అర్థంకాని కోత కనిపించినచో మొదట శాఖలో వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అందినట్లు సంతకం లేదా సంఖ్య తీసుకోవాలి. 30 రోజులలో జవాబు రానిచో గాని, జవాబు సంతృప్తికరంగా లేనిచో గాని రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. వివిధ అంబుడ్స్‌మన్ పథకాలను కలిపి 2021 నవంబరు 12న సమీకృత పథకం ప్రారంభించబడినది. దీనికి రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. తేదీలతో కూడిన పాసు పుస్తకమే ఇందులో ముఖ్యమైన ఆధారం. కనుక నెలకొకసారి దానిని ముద్రింపజేసుకొని, ప్రతి కోతకు కారణం అడిగి తెలుసుకొనుట అవసరం.