కాయ కోసి పారేసే ద్రాక్ష రైతులు

కాపు ఎక్కువైతే ఏ రైతైనా సంతోషిస్తాడు. ఇటలీలోని బరోలో గ్రామంలో మాత్రం ద్రాక్ష రైతులు వేసవిలో కొన్ని పచ్చి గుత్తులు కోసి నేలపాలు చేస్తారు. కాపు తగ్గితేనే మిగిలిన పండుకు రుచి వస్తుందంటారు. ఎకరాకు సుమారు 32 క్వింటాళ్లు మించరాదన్న నిబంధన కూడా ఉంది.

టురిన్ నగరానికి దక్షిణాన లాంగే కొండల్లో 11 గ్రామాల వారు ఈ వైన్ చేస్తారు. అక్కడ పండేది 'నెబ్బియోలో' ద్రాక్ష. అక్టోబరులో పొగమంచు కమ్మే వేళకు గాని కోతకు రాదు. పొగమంచును వారు 'నెబ్బియా' అంటారు. ద్రాక్షకు పేరు అలా వచ్చిందని చెబుతారు.

కొత్త వైన్ వెలక్కాయలా వగరు. అందుకే కోత జరిగిన ఏడు నవంబరు నుంచి 38 నెలలు నిలవ ఉంచాలి. అందులో 18 నెలలు కొయ్య పీపాల్లోనే. 'రిజర్వా' రకమైతే 62 నెలలు ఆగాలి.

1986లో అదే ప్రాంతంలో కొందరు చౌకరకం వైన్‌లో మిథనాల్ కలిపారు. సుమారు 20 మంది మరణించారు. కొందరికి చూపు పోయింది. కల్తీతో సంబంధం లేని రైతుల సరుకునూ విదేశాలు అనుమానించాయి. ఎగుమతులు పడిపోయాయి.

తర్వాత తనిఖీలు బిగించారు. రైతులు నాణ్యత వదల్లేదు. 2014లో యునెస్కో ఈ తోటలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. పోయిన పేరు తిరిగి రావడానికి, పీపాలో వైన్ పండడానికి పట్టే కాలం కన్నా ఎక్కువే పట్టింది.